మనసు మీద ఆసక్తి ఉంది సరే, కాగ్నిటివ్ సైన్స్‌లో మాస్టర్స్ చేయాలా?

ప్రశ్న: నాకు ఇరవై ఏడేళ్లు. కంప్యూటర్ సైన్స్‌లో డిగ్రీ పూర్తి చేసి నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. కొంతకాలంగా మనసు, మెదడు, భాష గురించిన పుస్తకాలు దొరికినవన్నీ చదువుతున్నాను, ఉపన్యాసాలు వింటున్నాను. మనసు ఎలా పనిచేస్తుందో పరిశోధించే కాగ్నిటివ్ సైన్స్‌లో మాస్టర్స్ చేయాలని ఉంది. అయితే సైకాలజీ ఎన్నడూ చదవలేదు. పిహెచ్‌డి వరకు వెళతానో లేదో తెలియదు. ఈ డిగ్రీతో ఏ ఉద్యోగం వస్తుందని ఇంట్లో అడుగుతుంటే జవాబు చెప్పలేకపోతున్నాను. దీనికి బదులు మెషీన్ లెర్నింగ్‌లో మాస్టర్స్ చేయడమే తెలివైన పని అని స్నేహితులు అంటున్నారు. కృత్రిమ మేధ ఇంత వేగంగా మారిపోతున్న కాలంలో ఈ చదువుకు విలువ ఉంటుందా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో చదివిన పుస్తకాల ప్రస్తావన ఉంది, ఇంట్లోవారి సందేహాలున్నాయి, స్నేహితుల సలహాలున్నాయి. జవాబు తెలియక మిమ్మల్ని వెంటాడుతున్న ఒక్క ప్రశ్న మాత్రం కనిపించలేదు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. మనసు ఎలా పనిచేస్తుందన్న కుతూహలం దాదాపు అందరికీ ఉంటుంది, దాన్ని తీర్చుకోవడానికి మంచి పుస్తకాలు చాలు. మాస్టర్స్ చదువు ఆ కుతూహలాన్ని కుదించి కుదించి, కొలవడానికి వీలైనంత చిన్న ప్రశ్నగా మార్చి, దాని ముందు మిమ్మల్ని నెలల తరబడి కూర్చోబెడుతుంది. విషయం మీకు ఇష్టమని ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. ఆ పని మీకు నచ్చుతుందో లేదో ఇంకా తేలలేదు, మీ నిర్ణయమంతా దాని మీదే ఆధారపడి ఉంది.

పని అంటే ఏమిటో ఒక ప్రయోగం ద్వారా చెబుతాను. మనం మాట్లాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య విరామం ఉండదు. తెలియని భాష వింటున్నప్పుడు ఏ పదం ఎక్కడ ముగిసిందో మనకు అంతుపట్టదు. మరి ఏ పదమూ తెలియని పసిపిల్లలు ఆ హద్దులను ఎలా కనిపెడతారు? 1996లో జెన్నీ శాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నకు ఒక ప్రయోగ రూపం ఇచ్చారు. అర్థం లేని నాలుగు మూడక్షరాల పదాలను కంప్యూటర్ గొంతుతో, ఎక్కడా ఆపకుండా, ఏ అక్షరాన్నీ ఒత్తి పలకకుండా, వరుస మారుస్తూ రెండు నిమిషాల పాటు ఎనిమిది నెలల పిల్లలకు వినిపించారు. ఆ ధ్వనిలో పదాల హద్దులకు ఉన్న ఆనవాలు ఒక్కటే: పదం లోపల ఒక అక్షరం తర్వాత వచ్చే అక్షరం ప్రతిసారీ అదే అయి ఉంటుంది, పదం ముగిశాక వచ్చేది మాత్రం మూడింటిలో ఏదైనా కావచ్చు. తర్వాత ఆ పదాలనూ, రెండు పదాల ముక్కలు అతికితే ఏర్పడే శబ్దాలనూ వేరువేరుగా వినిపించి, పిల్లలు దేన్ని ఎంతసేపు విన్నారో కొలిచారు. అతుకుల శబ్దాలను వాళ్లు కొత్తవిగా గుర్తించి ఎక్కువసేపు విన్నారు. ఆ ఎక్కువసేపు అన్నది సగటున ఒక్క సెకను కూడా లేదు.

ఆ సెకను లోపు తేడా మీదే, భాష నేర్చుకోవడంలో పుట్టుకతో వచ్చే జ్ఞానం ఎంత, విన్నదాన్ని లెక్కగట్టే శక్తి ఎంత అన్న పెద్ద వాదం ఈనాటికీ కొంతవరకు నడుస్తోంది. పుస్తకంలో చదివితే ఇది అద్భుతంగా ఉంటుంది. ప్రయోగశాలలో అయితే ధ్వనిని తయారు చేయడం, మధ్యలో ఏడ్చిన పిల్లల కొలతలను ఏం చేయాలో ముందే నియమం పెట్టుకోవడం, తేడా యాదృచ్ఛికం కాదని గణాంకాలతో చూపడం, ఇంకెవరైనా అదే ఫలితానికి మరో కారణం చెప్పగలరేమోనని మళ్లీ మొదటి నుంచి ఆలోచించడం ఉంటాయి. పై పేరాలో మీకు ఫలితం కంటే ఆ ధ్వని తయారీలోని జాగ్రత్త ఎక్కువ ఆసక్తి కలిగించి ఉంటే అది చాలా మంచి సూచన. ఒక్క సెకను కోసం ఇంత శ్రమా అనిపించి ఉంటే దాన్నీ తేలికగా తీసుకోకండి.

ఇక ఈ శాస్త్రం గురించి. కాగ్నిటివ్ సైన్స్ పుట్టిన రోజుగా చాలామంది 1956 సెప్టెంబర్ 11ను చెబుతారు. ఆ రోజు ఎంఐటీలో జరిగిన సదస్సులో అలెన్ న్యూయెల్, హెర్బర్ట్ సైమన్ తర్కశాస్త్ర సిద్ధాంతాలను రుజువు చేసే కంప్యూటర్ ప్రోగ్రామును వివరించారు, నోమ్ చామ్‌స్కీ భాషా నిర్మాణం గురించి మాట్లాడారు, జార్జ్ మిల్లర్ మానవ జ్ఞాపకశక్తి పరిమితుల గురించి చెప్పారు. 1978లో, పరిశోధనలకు నిధులిచ్చే స్లోన్ ఫౌండేషన్ కోసం తయారైన నివేదిక తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం, న్యూరోసైన్స్, కంప్యూటర్ సైన్స్, సైకాలజీ అనే ఆరింటిని ఒక షడ్భుజి మూలల్లో పెట్టి, వాటి మధ్య గీతలు గీసి, ఈ శాస్త్రం ఇదీ అని చూపింది. ఆ ఆరూ కలిసి ఒకే శాస్త్రంగా పండుతాయన్న ఆశ పూర్తిగా నెరవేరలేదు. 2019లో రఫాయెల్ నూన్యెస్, ఆయన సహరచయితలు పరిశోధనా పత్రాల ఉల్లేఖనలనూ, అధ్యాపకుల నేపథ్యాలనూ, పాఠ్యప్రణాళికలనూ పరిశీలించి, ఈ రంగం ఒక పొందికైన శాస్త్రంగా స్థిరపడలేదనీ, ఆచరణలో ఎక్కువ భాగం సైకాలజీ చేతిలోకి వెళ్లిందనీ రాశారు. దానికి అభ్యంతరాలు వచ్చాయి గానీ, విద్యార్థిగా చేరబోయేవారికి అందులో పనికొచ్చే హెచ్చరిక ఉంది.

ఒకే పేరుతో ఉన్న డిగ్రీలు లోపల ఒకటి కావన్నది ఆ హెచ్చరిక. ఎడిన్‌బరోలో ఈ మాస్టర్స్ ఇన్ఫర్మాటిక్స్ విభాగం కింద నడిచే ఏడాది కోర్సు కాబట్టి కంప్యూటర్ నేపథ్యం ఉన్నవారికి అక్కడ పునాది సిద్ధంగా ఉంటుంది. వియన్నా విశ్వవిద్యాలయం మధ్య ఐరోపాలోని ఇతర విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే రెండేళ్ల కోర్సు వేర్వేరు నేపథ్యాలవారిని ఒకచోట చేర్చడానికే రూపొందింది. పారిస్‌లోని కాగ్‌మాస్టర్ కూడా రెండేళ్లదే, పరిశోధన వైపు ఎక్కువ మొగ్గు ఉన్నది. మరికొన్నిచోట్ల ఇదే పేరు కింద ముప్పాతిక వంతు న్యూరోసైన్స్ చెబుతారు. అందువల్ల ఈ డిగ్రీ చేయాలా వద్దా అన్న ప్రశ్నను ఏ విభాగంలో, ఎవరి దగ్గర, ఏ పద్ధతి నేర్చుకోవడానికి అన్న ప్రశ్నగా విడదీయకపోతే దానికి అర్థవంతమైన జవాబు రాదు.

నా అభిప్రాయం కొంత కఠినంగా ఉండవచ్చు. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలు అంటారు, ఇక్కడ ఉన్నవి ఆరు. ప్రతి దాంట్లో ఒక పరిచయ కోర్సు చదివి, ఏ ఒక్కదానిలోనూ స్వతంత్రంగా పని చేయలేని స్థితిలో బయటికి వచ్చే పట్టభద్రులే ఈ చదువు వృథా అయిందని తర్వాత బాధపడేది. మీకు ఆ ప్రమాదం తక్కువ, ఎందుకంటే కంప్యూటర్ సైన్స్ అనే ఒక పడవ ఇప్పటికే మీ కాళ్ల కింద గట్టిగా ఉంది. దాన్ని వదిలేసి మెదడు స్కానింగ్ చేసే ల్యాబులో అందరితో పాటు మొదటి నుంచి మొదలుపెట్టాలని మాత్రం అనుకోకండి. మనుషుల ప్రవర్తనను ప్రోగ్రాముగా రాసి, ఆ ప్రోగ్రాము తప్పులు మనుషుల తప్పులతో సరిపోలుతున్నాయో లేదో చూసే కంప్యుటేషనల్ మోడలింగ్ వైపు మీ బలం నేరుగా ఉపయోగపడుతుంది.

సైకాలజీ చదవలేదన్న భయం అంత అవసరం లేదు. సిద్ధాంతాలు చదువుకుంటే వస్తాయి. ప్రయోగ రచన, గణాంకశాస్త్రం మాత్రం అంత సులభంగా పట్టుబడవు, వాటి లోటే మిమ్మల్ని మొదటి సెమిస్టర్‌లో ఇబ్బంది పెడుతుంది. వాటికి ఇంత ప్రాముఖ్యం ఎందుకో చెప్పాలంటే ఈ రంగం ఈ మధ్యకాలంలో ఎదుర్కొన్న సంకటాన్ని చెప్పాలి. 2015లో పెద్ద పరిశోధక బృందం ఒకటి ప్రచురితమైన 100 సైకాలజీ అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. మొదటిసారి 97 శాతం అధ్యయనాలలో గణాంకపరంగా నిలిచిన ఫలితం, రెండోసారి 36 శాతంలో మాత్రమే వచ్చింది. మనోనిగ్రహం ఒక నిల్వలాంటిదనీ, ఒకచోట వాడితే ఇంకోచోటికి తగ్గిపోతుందనీ మీరు చదివిన పుస్తకాల్లో ఏదో ఒకటి తప్పక చెప్పి ఉంటుంది. 2016లో 23 ల్యాబులు రెండు వేల మందికి పైగా పాల్గొన్న ప్రయోగంలో దాన్ని పరీక్షిస్తే ఆ ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. (ఆ పుస్తకాలు మాత్రం అలాగే అమ్ముడవుతున్నాయి.) ఇప్పుడు మంచి విభాగాల్లో ప్రయోగం మొదలుపెట్టకముందే పరికల్పననూ విశ్లేషణ పద్ధతినీ నమోదు చేయిస్తారు, డేటానూ కోడునూ అందరికీ అందుబాటులో ఉంచమంటారు. క్రమశిక్షణతో కోడు రాయడం తెలిసిన మీకు ఈ కొత్త వాతావరణం అనుకూలమైనదే.

కృత్రిమ మేధ గురించిన సందేహానికి వద్దాం. ఈనాటి కృత్రిమ మేధకు ఆధారమైన న్యూరల్ నెట్‌వర్కుల చరిత్రలో కాగ్నిటివ్ సైన్స్ పాత్ర చిన్నది కాదు. వాటికి శిక్షణ ఇచ్చే పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చిన 1986 నాటి పత్రానికి మొదటి రచయిత డేవిడ్ రుమెల్‌హార్ట్ సైకాలజీ మనిషి. సహరచయితల్లో ఒకరైన, 2024లో భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న జెఫ్రీ హింటన్ మొదటి డిగ్రీ ప్రయోగాత్మక సైకాలజీలో. అదే 1986లో రుమెల్‌హార్ట్, జేమ్స్ మెక్‌క్లెలాండ్ కలిసి, వ్యాకరణ సూత్రాలేవీ చెప్పకుండానే ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాలు నేర్చుకునే నెట్‌వర్కును తయారు చేశారు. 1988లో స్టీవెన్ పింకర్, అలన్ ప్రిన్స్ దాన్ని తీవ్రంగా ఖండిస్తూ, మనుషుల మనసులో సూత్రాలు ఉన్నాయని సుదీర్ఘంగా వాదించారు. చాట్‌బాట్‌ల వెనుక పనిచేసే భాషా నమూనాలు నిజంగా ఏం నేర్చుకున్నాయన్న నేటి చర్చ వింటే ఆ పాత వాదమే కొత్త యంత్రాల మీద తిరిగి జరుగుతున్నట్టు అనిపిస్తుంది. పిల్లలు కొన్నేళ్లలో వినే మాటలతో పోలిస్తే ఈ నమూనాలు చదివే పాఠ్యం అనేక రెట్లు ఎక్కువ. అంత తక్కువ మాటలతో పిల్లలకు భాష ఎలా పట్టుబడుతోందన్న ప్రశ్న యంత్రాలు మెరుగయ్యేకొద్దీ పదునెక్కుతోంది. పిల్లల మీదా పెద్దల మీదా ప్రయోగాలకు తయారైన పరీక్షలను ఇప్పుడు యంత్రాల మీద కూడా పెడుతున్నారు.

కాబట్టి చదువుకు విలువ ఉంది. అయితే కృత్రిమ మేధ సంస్థల్లో ఉద్యోగానికి ఇది దొడ్డిదారి అవుతుందనుకుంటే మీ స్నేహితులు చెప్పిందే సరైనది, నేరుగా మెషీన్ లెర్నింగ్ చదవండి. ఒక వ్యవస్థను తయారు చేసి అది బాగా పనిచేస్తే మీకు తృప్తి కలుగుతుందా, లేక అది మనిషి చేసినట్టు చేస్తోందా, చేయకపోతే ఎక్కడ తేడా వచ్చిందన్న ఆలోచన నిద్రపట్టనివ్వదా అని మిమ్మల్ని మీరే అడిగి చూసుకోండి. మొదటిదానికి ఈ డిగ్రీ అనవసరం.

ఉద్యోగాల గురించి ఇంట్లో అడిగిన ప్రశ్న న్యాయమైనదే. విశ్వవిద్యాలయాల బయట కాగ్నిటివ్ సైంటిస్ట్ అన్న పేరుతో ఉండే ఉద్యోగాలు చాలా అరుదు. ఈ చదువు చదివినవారు సాఫ్ట్‌వేర్, పరికరాలు వాడేవారి ఇబ్బందులను పరిశోధించే యూఎక్స్ రీసెర్చ్‌లో, విమానాల కాక్‌పిట్‌లూ వైద్య పరికరాలూ మనుషుల తప్పులకు తావివ్వకుండా రూపొందించే హ్యూమన్ ఫ్యాక్టర్స్ రంగంలో, భాషా సాంకేతికతలో, డేటా విశ్లేషణలో, విద్యా సంబంధమైన సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పని చేస్తుంటారు. యజమానులు కొనేది డిగ్రీ పేరును కాదు. ప్రయోగం రూపొందించడం, ఫలితాలను గణాంకాలతో నిజాయితీగా పరీక్షించడం, దాన్ని స్పష్టంగా రాయడం వచ్చా అని చూస్తారు. వీటిలో కొన్ని ఉద్యోగాలు మీ నాలుగేళ్ల అనుభవంతో ఇప్పుడే ప్రయత్నించదగినవి. ఆదాయం కోసమే అయితే ఈ డిగ్రీ మీకు పెద్దగా ఒరగబెట్టేది ఉండదు, ఆ మాట ఇంట్లో దాచకుండా చెప్పండి. పరిశోధన కుదరకపోతే తిరిగి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చే దారి మూసుకుపోదన్నది కూడా చెప్పండి. ప్రస్తుత జీతం కంటే ఎక్కువ వస్తే తప్ప తీరని అప్పు మాత్రం దీని కోసం చేయవద్దు. ఇంకో మాట: మానసిక సమస్యలున్నవారికి చికిత్స చేయాలన్న ఆలోచన మనసులో ఏ మూలనైనా ఉంటే ఇది అందుకు దారి కాదు. క్లినికల్ సైకాలజీకి వేరే శిక్షణ, వేరే అర్హతలు ఉంటాయి.

పిహెచ్‌డి విషయం తేలకపోవడం వల్ల దేశం ఎంపిక మీద ప్రభావం ఉంటుంది. అమెరికాలో చాలా పిహెచ్‌డి ప్రోగ్రాములు బ్యాచిలర్ డిగ్రీ తర్వాతే నేరుగా తీసుకుంటాయి, సాధారణంగా ఫీజు మినహాయించి స్టైపెండ్ కూడా ఇస్తాయి. అక్కడికే వెళ్లాలనుకుంటే సొంత ఖర్చుతో చేసే మాస్టర్స్ తప్పనిసరి కాదు, పరిశోధన అనుభవమే కీలకం. ఐరోపాలో ఎక్కువ చోట్ల మాస్టర్స్ లేకుండా పిహెచ్‌డిలోకి ప్రవేశం కష్టం. ఏడాది కోర్సా, రెండేళ్ల కోర్సా అన్నప్పుడు మీవంటి వారికి నేను రెండేళ్లదే చెబుతాను. ఏడాది కోర్సులో తరగతులు ముగిశాక థీసిస్‌కు మిగిలేది ఒక వేసవి. అప్పటికి మీరు కొలవడం నేర్చుకోవడం మొదలుపెట్టి ఉంటారంతే. కోర్సు ఎంచుకునే ముందు గత విద్యార్థుల థీసిస్ శీర్షికలు చూడండి, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో విభాగాన్ని అడగండి, ఎవరైనా ప్రస్తుత విద్యార్థికి ఉత్తరం రాసి ప్రొఫెసర్ నెలకు ఎన్నిసార్లు సమయం ఇస్తారో కనుక్కోండి. పాత విద్యార్థులు ఎక్కడున్నారో చెప్పలేని విభాగాన్ని జాబితాలోంచి తీసేయడానికి నేనైతే సంకోచించను.

ఇప్పుడు మీ మీద మీరే చేసుకోవలసిన పరీక్ష. రంగు పేరును ఇంకో రంగు సిరాతో రాసినప్పుడు సిరా రంగు చెప్పడానికి మనకు ఎక్కువ సమయం పడుతుందని 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ చూపించారు. పైథాన్‌తో పనిచేసే సైకోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ ప్రయోగాన్ని మీరే తయారు చేయండి. అయితే ఉన్నదాన్ని ఉన్నట్టు చేయకుండా, ఏదో ఒక చిన్న మార్పు, మీకు నిజంగా జవాబు తెలియనిది, అందులో చేర్చండి: రెండు భాషలు చదవగలిగేవారికి ఏ భాషలోని రంగు పేరు ఎక్కువ అడ్డుపడుతుంది, తర్వాత నేర్చుకున్న లిపి తక్కువ అడ్డుపడుతుందా, ఇలాంటిదేదైనా. ఏ ఫలితం వస్తే మీ ఊహ తప్పని ఒప్పుకుంటారో ముందే రాసిపెట్టుకోండి. తెలిసినవారిని, వాళ్లకు విషయం చెప్పి, అనుమతి తీసుకుని, కూర్చోబెట్టి ప్రయోగం చేయండి. గణాంకాలకు వాడే ఆర్ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో విశ్లేషించి నాలుగు పేజీల్లో రాయండి. సాయంత్రాలూ సెలవురోజులూ వెచ్చిస్తే ఉద్యోగం చేసుకుంటూనే కొన్ని నెలల్లో ఇది పూర్తవుతుంది. గణాంకశాస్త్రంలో మీకు ఎక్కడ లోటుందో ఏ ప్రవేశ పరీక్షా చూపనంత స్పష్టంగా ఇది చూపిస్తుంది. ప్రోగ్రాము రాయడం మీకు ఎలాగూ సరదాగానే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. కొలతలు గజిబిజిగా వచ్చి, ఊహించిన తేడా కనబడక, కారణం వెతుకుతున్న రోజుల్లో మీకు ఎలా ఉందో గమనించండి.

దానితో పాటు, మోడలింగ్ చేసే ల్యాబులకు ప్రోగ్రామర్లు ఎప్పుడూ అవసరమే కాబట్టి, కొంతకాలం పార్ట్‌టైమ్‌గానైనా పని చేసే అవకాశం ఉందేమో ప్రొఫెసర్లను అడగండి. వాళ్ల ఇటీవలి పత్రం ఒకటి, ముఖ్యంగా అందులోని పద్ధతుల భాగం, చదివిన తర్వాతే ఉత్తరం రాయండి. చాలామంది జవాబు ఇవ్వరు. ఒక్కరు ఇచ్చినా, మాస్టర్స్‌లో డబ్బు పెట్టి తెలుసుకునేదాన్ని చాలావరకు ముందే తెలుసుకుంటారు.

నా సలహా ఒక్క మాటలో అడిగితే, ఈ విడత దరఖాస్తు చేయవద్దంటాను. ఇప్పటికే ఫీజు మినహాయింపుతో, స్టైపెండ్‌తో సీటు చేతిలో ఉండి ఉంటే ఇంత జాగ్రత్త చెప్పేవాడిని కాదు, వెళ్లి చూడమనేవాడిని. సొంత ఖర్చుతో, ఉద్యోగం వదులుకుని వెళ్లేవారు మాత్రం ఒక ప్రశ్న, ఒక పద్ధతి, దానికి తగిన ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల పేర్లు చేతిలో లేకుండా బయలుదేరకూడదు. పరీక్ష పూర్తయ్యాక ఆ పని మీద విసుగు మిగిలితే పుస్తకాలు చదవడం మానక్కరలేదు, డిగ్రీ మానుకుంటే చాలు. ఇంకో ప్రయోగం చేయాలనిపిస్తే తర్వాతి విడతలో దీర్ఘమైన థీసిస్ ఉన్న రెండేళ్ల కోర్సులకే దరఖాస్తు పెట్టండి. దరఖాస్తుతో పంపే వ్యాసంలో చిన్ననాటి నుంచి మనసంటే ఉన్న ఆసక్తి గురించి రాయకండి, దాదాపు ప్రతి అభ్యర్థీ అదే రాస్తారు. మీ ప్రయోగం గురించి రాయండి. ఊహించిన ఫలితం రాకపోయి ఉంటే ఎందుకు రాలేదనుకుంటున్నారో, మళ్లీ చేస్తే ఏం మారుస్తారో ఇంకాస్త వివరంగా రాయండి.